కయాక్‌లో చేపల వేట: మొదటిసారి కొనేవాళ్లకి ఏ రాడ్, ఏ రీల్, ఏ లైన్?

కొత్త_తెడ్డు

అందరికీ నమస్కారం. మేం హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. 12 అడుగుల సిట్-ఆన్-టాప్ కయాక్ (పైన కూర్చుని తెడ్డేసే చిన్న పడవ) కొన్నాను, తెడ్డు వేయడంలో చెయ్యి తిరిగింది, కాస్త గాలి ఉన్నా గట్టుకి తిరిగి రాగలుగుతున్నాను, ఇక అందులోంచి చేపలు పట్టాలని ఉంది. వెళ్లేది గాల్వెస్టన్ వెస్ట్ బే, క్రిస్మస్ బే వైపు. మోకాలి లోతు నుంచి నడుము లోతు నీళ్లు. రెడ్‌ఫిష్, స్పెకిల్డ్ ట్రౌట్ మీద ఆశ. చిన్నప్పుడు ఊళ్లో వెదురు కర్రకి తంగూసు కట్టి కాలవలో జెల్లలు పట్టాను కానీ రీల్ ఎప్పుడూ తిప్పలేదు.

షాపుకి వెళ్తే గోడ నిండా రాడ్లే. ఒకదాని మీద మీడియం ఫాస్ట్ అని, ఇంకోదాని మీద మీడియం హెవీ అని, రీళ్ల మీద 2500, 4000 నంబర్లు, లైన్లలో మోనో, ఫ్లోరో, బ్రెయిడ్. రాడ్, రీల్ కలిపి 150 డాలర్ల దాకా పెట్టగలను, మరీ అవసరమైతే 200. కయాక్‌లో కూర్చుని వేసేవాడు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి ఏంటో చెప్పండి.

ఉప్పుగాలి

తమ్ముడూ, షాపులో ఆ గోడంతా నిలబడి వేసేవాళ్ల కోసం పెట్టింది. నువ్వు కూర్చుంటావు, అదీ నీటికి ఒక అడుగు ఎత్తులో, ఒంటి మీద లైఫ్ జాకెట్, ఒళ్లో తెడ్డు. అక్కణ్ణుంచి ఆలోచిస్తే సగం రాడ్లు వాటంతట అవే పక్కకి పోతాయి.

ముందు పిడి చూడు. రీల్ సీటు నుంచి వెనక చివర దాకా ఎంత పొడుగుందో నీ ముంజేతికి ఆనించి కొలువు. మోచేయి దాటి బాగా బయటికి వచ్చిందంటే కయాక్‌లో పనికిరాదు, ప్రతి విసురుకీ లైఫ్ జాకెట్‌కి తగులుతుంది, లేకపోతే తొడకి గుచ్చుకుంటుంది. షాపులోనే కింద కూర్చుని, కాళ్లు ముందుకి చాపి, రాడ్ పట్టుకుని చూడు, ఎవరేమనుకున్నా ఫర్వాలేదు. గాలిలో బాగుందనిపించిన రాడ్ కూర్చోగానే ఇబ్బంది పెట్టడం అక్కడే తెలిసిపోతుంది.

పొడుగు 7 అడుగులు. దానికి పెద్ద కారణం విసిరే దూరం కాదు, కయాక్ ముక్కు. తగిలిన రెడ్‌ఫిష్ పడవ కిందనుంచి అవతలి వైపుకి దూసుకుపోవడం మామూలే. అప్పుడు రాడ్ కొనని ముందుకి చాచి, ముక్కు చుట్టూ లైన్‌ని తిప్పి అవతలికి తెచ్చుకోవాలి. 6 అడుగుల రాడ్‌తో అది అందదు, లైన్ కయాక్ అడుగుకి రాసుకుని తెగుతుంది. అలాగని 8 అడుగులు తీసుకుంటే చేప దగ్గరికొచ్చాక దాన్ని వలలోకి తెచ్చేటప్పటికి కొన ఎక్కడో ఉంటుంది, చెయ్యి అందదు. 6 అడుగుల 8 అంగుళాల నుంచి 7 అడుగుల 2 అంగుళాల మధ్య ఏదైనా సరే.

బలం మీడియం, వంపు ఫాస్ట్, అంటే ఎక్కువగా కొన దగ్గరే వంగేది. పిడికి పైన చిన్న అక్షరాల్లో ఎంత లైన్, ఎంత బరువు ఎర అని రాసి ఉంటుంది, ఎర దగ్గర 1/4 ఔన్స్ ఆ హద్దుల్లో ఉందో లేదో చూసుకో, నువ్వు వేసే సాఫ్ట్ ప్లాస్టిక్‌లు, చిన్న స్పూన్లు (మెరిసే లోహపు ఎరలు) ఆ బరువు చుట్టూనే ఉంటాయి.

లేక్‌ఫోర్క్_రాజు

ఉప్పుగాలి గారు రాడ్ గురించి చెప్పింది నిజం. నా మాట రీల్ గురించి. మొదటి నుంచీ బెయిట్‌కాస్టర్ నేర్చుకోమంటాను, అంటే రాడ్ పైన కూర్చునే రీల్, విసిరినప్పుడు దాని స్పూల్ (లైన్ చుట్టిన చక్రం) తిరుగుతుంది. నేను డాలస్ నుంచి లేక్ ఫోర్క్, లూయిస్‌విల్ వెళ్లి కయాక్‌లోంచి బాస్ పడతాను. బొటనవేలు స్పూల్ మీద ఉంటుంది కాబట్టి ఎర ఎక్కడ ఆగాలో అక్కడ ఆపొచ్చు, మునిగిన చెట్ల మధ్య అదే కావాలి. గట్టి లైన్ వాడొచ్చు, చేపని చెట్లలోకి పోనివ్వకుండా బయటికి లాగేయొచ్చు. ఎలాగూ ఒకరోజు అక్కడికే వస్తారు, రెండుసార్లు డబ్బు పెట్టడం ఎందుకు?

ఉప్పుగాలి

రాజు గారూ, చెట్లున్న చెరువులో మీ మాటకి ఎదురు చెప్పను. గాల్వెస్టన్ వేరు. వసంతం నుంచి వేసవంతా ఆగ్నేయం గాలి మొహాన కొడుతూనే ఉంటుంది. కూర్చుని, పావు ఔన్స్ ఎరని, ఎదురుగాలిలోకి బెయిట్‌కాస్టర్‌తో వేస్తే ఎర గాలిలో నెమ్మదిస్తుంది, స్పూల్ నెమ్మదించదు, రీల్లో లైన్ గూడు కట్టేస్తుంది. గట్టు మీదైతే నింపాదిగా విప్పుకోవచ్చు. కయాక్‌లో విప్పుకుంటూ కూర్చుంటే ఆ ఐదు నిమిషాల్లో గాలి మనల్ని ఆల్చిప్పల దిబ్బ మీదికి తోసేస్తుంది. కొత్తవాళ్లకి స్పిన్నింగే (రాడ్ కింద వేలాడే రీల్, విసిరినప్పుడు స్పూల్ తిరగదు), నాకు సందేహం లేదు.

సైజు 2500 లేదా 3000. 4000 మోసేకొద్దీ మణికట్టు లాగుతుంది, ఈ లోతుల్లో అంత లైన్ అక్కర్లేదు కూడా. డబ్బు ఎక్కువ పెట్టాల్సింది రీల్ మీదే, రాడ్ మీద కాదు. 40, 50 డాలర్ల అగ్లీ స్టిక్ లాంటి రాడ్ కయాక్ దెబ్బలన్నీ తట్టుకుంటుంది, కాస్త బరువే కానీ కారు డోర్లో పడినా అంత తేలిగ్గా విరగదు. మిగతా డబ్బుతో పెన్ బ్యాటిల్, డైవా బీజీ వరసలో ఉన్న రీల్ చూడు. డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైన్ వదిలే బిగింపు) మెత్తగా, కుదుపు లేకుండా వదలాలి. షాపులో డ్రాగ్‌ని సగం బిగించి లైన్‌ని చేత్తో నెమ్మదిగా లాగి చూడు, ఆగి ఆగి వదిలితే వద్దు. బాల్ బేరింగులు ఎన్ని అని పెట్టె మీద పెద్దగా రాస్తారు, దాన్ని పట్టించుకోకు.

శంఖుపూలు_పెర్ల్యాండ్

లైన్ సంగతి నేను చెప్తాను, వెస్ట్ బేలో నేను వేసేది కూడా కయాక్‌లోంచే.

బ్రెయిడ్ (సన్నటి పోగులు అల్లిన లైన్) తీసుకోండి, 15 పౌండ్ల బరువు ఆపేది. 15 పౌండ్ల బ్రెయిడ్ మందం సుమారుగా 4 పౌండ్ల మోనో (ఒంటిపోగు నైలాన్ లైన్) అంత ఉంటుంది, అందుకే చిన్న రీల్లో కూడా 150 గజాలు హాయిగా పడుతుంది, తేలికపాటి ఎర కూడా దూరం వెళ్తుంది. రెండోది, అది సాగదు. కయాక్‌లో నడుము తిప్పి గట్టిగా కొక్కెం దించే వీలుండదు, మణికట్టుతో చిన్న కుదుపు ఇవ్వగలం అంతే. మోనో అయితే ఆ కుదుపుని సగం దారిలోనే సాగి మింగేస్తుంది. బ్రెయిడ్‌లో ట్రౌట్ ఎరని ముట్టుకోవడం కూడా వేలికి తెలుస్తుంది.

కానీ బ్రెయిడ్‌ని నేరుగా కొక్కేనికి కట్టకండి. ఇక్కడ ఆల్చిప్పల దిబ్బలు చాకుల్లా ఉంటాయి, బ్రెయిడ్ ఒక్కసారి రాసుకుంటే చాలు, పోయినట్టే. చివర 20 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (లైన్‌కీ కొక్కేనికీ మధ్య ముక్క) రెండున్నర, మూడడుగులు కట్టండి. ఫ్లోరో ఒరిపిడికి ఆగుతుంది, నీళ్లలో మోనో కంటే తక్కువ కనిపిస్తుంది. ప్రతి చేప తర్వాత లీడర్ చివరి అడుగుని రెండు వేళ్ల మధ్య జార్చి చూసుకోండి, గరుగ్గా తగిలితే అక్కడ కోసి మళ్లీ కట్టండి. నీటిపైన తేలే ఎర వేసే రోజు మాత్రం ఫ్లోరో బదులు మోనో లీడర్. ఫ్లోరో మునుగుతుంది, ఎర మూతిని కిందికి గుంజుతుంది.

చెరువుగట్టు_ఆస్టిన్

ఒక్క నిమిషం. రీలే తిప్పని మనిషికి బ్రెయిడ్, లీడర్, రెండింటినీ కలిపే ముడి, ఇవన్నీ ఒకేసారి ఎందుకండీ? 10 పౌండ్ల మోనో ఎక్కించుకోమనండి. చవక, ముడి తేలిక, కొక్కెం నేరుగా కట్టుకోవచ్చు. సాగడం కొత్తవాళ్లకి మేలే చేస్తుంది. డ్రాగ్ కాస్త ఎక్కువ బిగించినా, చేప పడవ దగ్గర తల విదిలించినా మోనో కాపాడుతుంది. బ్రెయిడ్ అయితే కొక్కెం నోట్లోంచి చీల్చుకుని వచ్చేస్తుంది. ఆస్టిన్‌లో మా పిల్లలకి నేను మోనోతోనే నేర్పాను, చక్కగా పడుతున్నారు.

ఇంకోటి, బ్రెయిడ్‌కి గాలిముడులు (విసిరేటప్పుడు లైన్ దానంతటదే చిక్కుపడటం) పడతాయి, వాటిని విప్పడం ఎంత కష్టమో వాడినవాళ్లందరికీ తెలుసు.

శంఖుపూలు_పెర్ల్యాండ్

పిల్లలకి, చెరువు గట్టుకి మోనో మంచిదే, నేనూ ఒప్పుకుంటాను. కానీ మోనో కొంత నీళ్లు పీల్చుకుని బలం తగ్గుతుంది, ఎండకి పాడవుతుంది, స్పూల్ మీద చుట్టలు చుట్టలుగా అలవాటు పడిపోతుంది. ఇక్కడి ఎండలో తరచుగా మార్చాల్సి వస్తుంది. బ్రెయిడ్ జాగ్రత్తగా వాడితే చాలాకాలం వస్తుంది కాబట్టి ఖర్చు చివరికి సమానమే.

గాలిముడులు ఎక్కువగా వచ్చేది రెండు కారణాల వల్ల. ఒకటి, స్పూల్‌ని అంచు దాకా నింపేయడం. అంచు కంటే 3 మిల్లీమీటర్లు కిందే ఆపాలి. రెండోది, విసిరాక హ్యాండిల్ తిప్పి బెయిల్ (లైన్‌ని స్పూల్ మీదికి చుట్టే తీగ) మూయడం. అలా మూస్తే వదులు లైన్ మొదటి చుట్టలో ఉంగరంలా చిక్కి, తర్వాతి విసురులో ముద్దగా ఊడొస్తుంది. ఎర నీళ్లలో పడగానే బెయిల్‌ని చేత్తో మూసి, రాడ్ కొన దగ్గర లైన్‌ని ఒకసారి బిగలాగి, అప్పుడు తిప్పండి. ఇది మొదటి రోజు నుంచే అలవాటు చేసుకుంటే గాలిముడి గొడవ చాలా తగ్గిపోతుంది.

కొత్త_తెడ్డు

చాలా థాంక్స్ అక్కా, అన్నా. స్పిన్నింగ్, బ్రెయిడ్ అని తేల్చుకున్నాను. రెండు సందేహాలు. బ్రెయిడ్‌కీ లీడర్‌కీ ఏ ముడి? డ్రాగ్ ఎంత బిగించాలో ఎలా తెలుస్తుంది? వీడియోల్లో అందరూ చేత్తో లాగి సరిపోయింది అంటున్నారు, నాకు ఆ సరిపోవడం ఎంతో తెలీదు.

ఉప్పుగాలి

ముడి డబుల్ యూనితో మొదలుపెట్టు. ఎఫ్‌జీ ముడి సన్నగా ఉండి గైడ్లలోంచి (రాడ్ మీది రింగుల్లోంచి) జారినట్టు వెళ్తుంది, నిజమే, కానీ ఊగుతున్న కయాక్‌లో తడి చేతుల్తో కట్టాలంటే ముందు ఇంట్లో బాగా సాధన కావాలి. డబుల్ యూనిలో బ్రెయిడ్ వైపు చుట్లు ఎక్కువ వెయ్యి, 7 లేదా 8, లీడర్ వైపు 4 చాలు. బ్రెయిడ్ నున్నగా ఉంటుంది, తక్కువ చుట్లయితే జారిపోతుంది. బిగించే ముందు ఉమ్ముతో తడుపు. తోకలు దగ్గరికి కత్తిరించు, మామూలు గోళ్ల కట్టర్ బ్రెయిడ్‌ని నలిపేస్తుంది, బ్రెయిడ్ కత్తెర వేరే కొనుక్కో.

డ్రాగ్ విషయానికొస్తే, ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులు తూచే చేతి తూకం మీ ఇంట్లో ఉండే ఉంటుంది. దాన్ని లైన్ చివర కట్టి, రాడ్‌ని 45 డిగ్రీల్లో పట్టుకుని ఇంట్లోవాళ్లని లాగమను. 4 పౌండ్ల దగ్గర రీల్ లైన్ వదలాలి. 15 పౌండ్ల లైన్‌కి పావు వంతు నుంచి మూడో వంతు లోపు అన్నది లెక్క, కయాక్‌లో పావు వంతు దగ్గరే ఉండు. ఎందుకంటే ఇక్కడ రెండో డ్రాగ్ ఒకటుంది, అది కయాకే. మంచి రెడ్‌ఫిష్ తగిలితే పడవని ముక్కు పట్టుకుని లాక్కుపోతుంది. గట్టు మీద నిలబడ్డవాడికి లైన్ మీద పడే బరువంతా మనకి పడదు, పడవ కదిలిపోయి కొంత తీసేసుకుంటుంది. అందుకే పెద్ద రీలు, 30 పౌండ్ల లైను అక్కర్లేదని మొదట్నుంచీ అంటున్నది.

చేప లాగుతున్నప్పుడు రాడ్‌ని ముక్కు వైపు ఉంచు, పడవ దాని వెనకాలే తిన్నగా పోతుంది. పక్కకి పట్టుకుని గుంజితే పడవ ఆ వైపు ఒరుగుతుంది, నువ్వూ అటే ఒరుగుతావు, బోల్తా పడేది అలాగే.

లేక్‌ఫోర్క్_రాజు

దీనికి ఒకటి కలుపుతాను, రీల్ ఏదైనా వర్తిస్తుంది. కయాక్‌లో రాడ్లు విరిగేది ఎక్కువగా చివరి మూడడుగుల్లోనే. చేప పడవ పక్కకొచ్చాక లైన్ కొద్దిగానే మిగులుతుంది, వల అందడం లేదని రాడ్‌ని నెత్తి మీదుగా వెనక్కి ఎత్తేస్తారు. అప్పుడు బరువు పిడి మీద కాకుండా సన్నటి కొన మీద పడుతుంది, ఠప్పున విరుగుతుంది. రాడ్ పొడుగంత లైన్ బయట వదిలి, చెయ్యి పక్కకి చాచి, చేపని నీటిమీద జార్చుకుంటూ వల మీదికి తేవాలి. కర్ర మధ్యలో రెండో చేత్తో ఎప్పుడూ పట్టుకోకండి, పట్టుకున్న చోటే విరుగుతుంది. గ్రాఫైట్ ఎక్కువున్న ఖరీదు రాడ్లు ఈ విషయంలో ఇంకా సున్నితం.

బెయిట్‌కాస్టర్ గురించి నా మాట నాదే, కానీ ఎదురుగాలి ఉప్పునీళ్లకి స్పిన్నింగ్‌తో మొదలుపెట్టమనడం సబబే.

యానాం_పాయ

నేను యానాం దగ్గర గోదావరి పాయల్లో కయాక్ నుంచి పండుగప్పకి వేస్తాను. ఇక్కడివాళ్లు ఎవరైనా ఈ చర్చ చదివి అదే సెట్ కొనేస్తారేమోనని రాస్తున్నాను. మా దగ్గర గట్టు వెంబడి మడచెట్ల వేళ్లు, పండుగప్ప తగలగానే వాటిలోకే దూరుతుంది. దాని మొప్పల మూత అంచు బ్లేడులా కోస్తుంది. కాబట్టి 6 అడుగుల 6 అంగుళాల మీడియం హెవీ రాడ్, 3000 లేదా 4000 రీల్, 30 పౌండ్ల బ్రెయిడ్, 40 పౌండ్ల మోనో లీడర్. కొమ్మల కింద నుంచి పక్కవాటుగా విసరాలి, అందుకే పొడుగు కాస్త తగ్గించాను, ముక్కు చుట్టూ తిప్పేటప్పుడు కొంచెం ముందుకి వంగాల్సి వస్తుంది, అలవాటైపోయింది.

బ్రెయిడ్ పెట్టెల మీద పౌండ్లతో పాటు పీఈ నంబరు ఉంటుంది. పౌండ్లు ఒక్కో కంపెనీ ఒక్కోలా వేస్తుంది, నంబరు చూసి కొనండి. పీఈ 1 అంటే 0.165 మిల్లీమీటర్ల మందం, పీఈ 2 అంటే 0.235. నేను వాడేది పీఈ 2. కోరింగ అభయారణ్యం హద్దుల్లోకి మాత్రం గాలంతో వెళ్లకండి. పోటు, పాటు సమయాలు చూసుకుని దిగండి, పాటు మొదలయ్యాక చిన్న పాయల్లోంచి బయటికి రాకపోతే బురదలో చిక్కడిపోతారు.

శంఖుపూలు_పెర్ల్యాండ్

యానాం గారూ, చాలా బాగా చెప్పారు. చోటు మారితే సెట్ మారుతుంది.

కొత్త_తెడ్డు గారూ, ఇంకో సంగతి. రాడ్లు రెండే పెట్టుకోండి. వీడియోల్లో వెనక ఆరు రాడ్లు నిలబెట్టుకుని తిరుగుతుంటారు, వెనక్కి విసిరేటప్పుడు కొక్కెం వాటికే తగులుతుంది. ఒకదానికి పావు ఔన్స్ జిగ్‌హెడ్ (సీసం తల ఉన్న కొక్కెం) మీద సాఫ్ట్ ప్లాస్టిక్ కానీ బంగారు రంగు స్పూన్ కానీ, రెండోదానికి పాపింగ్ కార్క్ (లాగితే చప్పుడు చేసే బెండు) కింద రొయ్య. నీళ్లు మురికిగా ఉన్న రోజు ఆ కార్క్ చేసే బుడబుడ శబ్దానికే చేపలు వస్తాయి. మొదట్లో ఒక్కటే కొన్నా నష్టం లేదు, అదే రాడ్ రెండిటికీ సరిపోతుంది.

మూడు ముళ్ల కొక్కేలున్న ఎరలు కొంటే ఆ కొక్కేలు తీసేసి ఒంటి కొక్కేలు పెట్టుకోండి. గిలగిల కొట్టుకునే చేప ఒళ్లో ఉండి, ఖాళీ ముల్లు గాలిలో ఉంటే ఎక్కడ గుచ్చుకుంటుందో చెప్పలేం, సాయం చేయడానికి పక్కన ఎవరూ ఉండరు. ఎర దిబ్బకి పట్టుకుంటే బ్రెయిడ్‌ని చేతికి చుట్టుకుని లాగకండి, వేలు తెగుతుంది. తెడ్డేసుకుంటూ దిబ్బ అవతలికి వెళ్లి అటునుంచి లాగితే చాలాసార్లు దానంతటదే వచ్చేస్తుంది.

ఉప్పుగాలి

రాడ్‌కి తాడు కట్టడం మర్చిపోకు. రీల్ ఉన్న రాడ్ నీళ్లలో పడితే రాయిలా మునుగుతుంది. తాడు పిడికి కట్టి రెండో కొస సీటుకి, కానీ చేప తగిలినప్పుడు అడ్డం రాకుండా చుట్టలు తిరిగే తాడు అయితే నయం. కెరటాలు విరిగే చోట కయాక్ దించేటప్పుడు మాత్రం తాళ్లన్నీ తీసేసి రాడ్లు లోపల పడుకోబెట్టు, బోల్తా పడితే మనిషి వాటిలో చిక్కుకోకూడదు.

ఇంటికొచ్చాక రీల్ కడిగే పద్ధతి: ముందు డ్రాగ్ పూర్తిగా బిగించు, లోపలికి నీళ్లు పోకుండా. మంచినీళ్లు సన్నగా చిలకరించు, పైపు జోరుగా పెడితే ఉప్పుని లోపలికి తోసినట్టే. తుడిచి, ఆరాక డ్రాగ్ వదులు చేసి దాచు, బిగించి వదిలేస్తే లోపలి వాషర్లు నొక్కుకుపోయి తర్వాతిసారి కుదుపుతో వదులుతుంది. రాడ్ గైడ్లు కూడా తుడువు, వాటిలో దూది తిప్పి చూడు, పోగు పట్టుకుంటే పగులున్నట్టు, అది బ్రెయిడ్‌ని కోసేస్తుంది.

లైసెన్స్ తీసుకున్నావా? 17 ఏళ్లు నిండినవాళ్లకి ఫిషింగ్ లైసెన్స్, దానికి సాల్ట్‌వాటర్ ఎండార్స్‌మెంట్ ఉండాలి, మామూలు వార్షిక లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది. రెడ్‌ఫిష్ 20 నుంచి 28 అంగుళాల మధ్యవి రోజుకి 3 ఉంచుకోవచ్చు. ట్రౌట్ నియమాలు 2024లో మారాయి, 15 నుంచి 20 అంగుళాలు, రోజుకి 3. వెళ్లేముందు టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల పేజీ ఒకసారి చూసుకో, కొలబద్ద కయాక్‌లోనే అంటించుకో.

కొత్త_తెడ్డు

లైసెన్స్ తీసుకున్నాను అన్నా. ఈరోజు షాపులో నేల మీద కూర్చుని రాడ్లు చూశాను, నాలుగింటిలో మూడు పిడి దగ్గరే పోయాయి. 7 అడుగుల మీడియం ఫాస్ట్, రెండు ముక్కలది తీసుకున్నాను, కారు చిన్నది కాబట్టి. 3000 రీల్, డ్రాగ్ మెత్తగా ఉంది. 15 పౌండ్ల బ్రెయిడ్ 150 గజాలు. ఇంటికొచ్చి చుట్టాను కానీ గట్టిగా లాగితే స్పూల్ మీద లైన్ మొత్తం గిర్రున తిరుగుతోంది, డ్రాగ్ బిగించినా సరే. రీల్ పాడైందా?

చెరువుగట్టు_ఆస్టిన్

రీల్ బాగానే ఉంది, కంగారు పడకండి. బ్రెయిడ్ నున్నటి స్పూల్‌ని పట్టుకోదు. మొత్తం విప్పేసి, ముందు మోనో ఒక పది గజాలు చుట్టి, దానికి డబుల్ యూనితో బ్రెయిడ్ కట్టి ఎక్కించండి. స్పూల్ కూడా కాస్త నిండుతుంది, 3000కి 150 గజాలు ఎలాగూ తక్కువగా కనిపిస్తుంది. చుట్టేటప్పుడు లైన్‌ని తడిగుడ్డతో పట్టుకుని బిగువుగా చుట్టాలి, వదులుగా చుట్టినా ఇదే గొడవ.

శంఖుపూలు_పెర్ల్యాండ్

చుట్టాక పార్కుకి తీసుకెళ్లి, కొక్కెం లేకుండా పావు ఔన్స్ సీసం కట్టి గడ్డి మీద కూర్చుని విసిరి చూడండి. కుర్చీలో కాదు, నేల మీదే. శనివారం గాలి 10 మైళ్ల లోపు ఉంటే మేం గాల్వెస్టన్ ఐలాండ్ స్టేట్ పార్క్ బే వైపు దిగుతున్నాం, తెల్లవారకముందే. వీలైతే రండి, లైఫ్ జాకెట్, ఈల, ముందుకీ వెనక్కీ లైటు మర్చిపోకండి.

కొత్త_తెడ్డు

వస్తాను అక్కా. మోనో ఎక్కిస్తున్నాను ఇప్పుడే. రొయ్య అక్కడే దొరుకుతుందా, దారిలో కొనాలా?

శంఖుపూలు_పెర్ల్యాండ్

దారిలోనే కొనండి, అంత పొద్దున్నే ఎర షాపులు తెరిచే ఉంటాయో లేదో ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి. బతికున్నవి దొరక్కపోతే సాఫ్ట్ ప్లాస్టిక్ నా దగ్గర ఉంది, ఇస్తాను.